రేడియేటర్‌లో మీగడ

ఇంజన్ సంగతులు ఆడవాళ్లకెందుకు అంటారు. "బండి నిలబడిపోయింది" అని ఫోన్ వస్తే మాత్రం, ఈ నెల కంతు ఎట్లా, పిల్లల ఫీజు ఎట్లా అని లెక్క వేసుకునేది మనమే కదా. అందుకే ఈసారి మా లారీకి వచ్చిన ఆయిల్ కూలర్ జబ్బు గురించి రాస్తున్నాను.

ఆదోనిలో పత్తి సీజన్ అంటే మాకు ఏడాది సంపాదన. దసరా అయినప్పటినుంచి సంక్రాంతి దాటేదాకా జిన్నింగ్ మిల్లుల ముందు లారీలు బేళ్ల కోసం వరస కడతాయి. ఆ నాలుగు నెలల బాడుగలే మిగతా నెలలకి ఆసరా. డిసెంబర్‌లో మా ఆయన, మా మరిది బేళ్లు ఎత్తుకుని గుంటూరు వైపు బయలుదేరారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. అంతలోపలే టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. పక్కన ఆపి, బాగా చల్లారినాక రేడియేటర్ మూత తీస్తే నీళ్లమీద గోధుమరంగు జిడ్డు, చిక్కటి కాఫీమీద మీగడ కట్టినట్టు.

షెడ్డులో మేస్త్రి చూడగానే, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ విప్పాల్సిందే, పది రోజులు పడుతుంది" అన్నాడట. చెప్పిన ఖర్చు నా రెండు గాజులు కుదువ పెడితేగానీ తీరేది కాదు. మా మరిది ఇంకో దారి చెప్పాడు: "నీళ్లు పోసుకుంటా మెల్లగా పోదాం వదినా, బాడుగన్నా దక్కుతుంది."

మా మామగారు మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సొసైటీకి ఏళ్ల తరబడి నేసిన మనిషి. ఆయన ఒకటే అడిగారు: "ఒక పోగు తెగిందని పడుగంతా కోసేస్తామా? తెగింది యాడనో ముందు చూడండి."

ఆదోనిలో మా చిన్నాన్న ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు చేసినాయన. ఫోన్ చేస్తే ఆయన చెప్పిన మాటలు మీకూ పనికొస్తాయి.

"చూడమ్మీ, ఆయిల్ కూలర్ అంటే పలచటి రేకుల పెట్టె. రేకుల లోపల ఇంజన్ ఆయిల్ పారుతుంది, బయట రేడియేటర్ నీళ్లు పారతాయి. ఆ నీళ్లు ఆయిల్ వేడిని లాగేస్తాయి. రేకు చిల్లి పడినా, రబ్బరు రింగు పోయినా రెండూ కలుస్తాయి. ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్‌కి ఒత్తిడి ఎక్కువ, కాబట్టి అది నీళ్లలోకి వస్తుంది. ఇంజన్ ఆపితే ఆయిల్ ఒత్తిడి పోతుంది, వేడి నీళ్ల ఒత్తిడి మాత్రం కొంతసేపు ఉంటుంది. అప్పుడు నీళ్లు ఛాంబర్‌లోకి దిగుతాయి."

మరిది మాట చెబితే కోప్పడ్డారు. "నీళ్లు కలిసిన ఆయిల్‌కి జారుడు ఉండదు. బేరింగులు అరిగి క్రాంక్ పట్టేస్తుంది. ఒక్క బాడుగ కోసం ఇంజన్ పోగొట్టుకుంటారా?"

గ్యాస్కెట్టా, కూలరా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు అడగమన్నారు. రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? సైలెన్సర్‌లో తెల్లపొగ ఉందా? ఇంజన్ పికప్ తగ్గిందా? ఈ మూడూ లేకపోతే ముందు కూలర్ తీసి పరీక్ష చేయమన్నారు, అది ఇంజన్ విప్పడం కంటే చాలా చిన్న పని కాబట్టి.

మూడూ లేవు. మా ఆయన నన్ను అడిగారు, "ఏం చేద్దాం?" అని. ముందు కూలర్ చూద్దాం, గాజుల సంగతి తర్వాత అన్నాను. సరుకు వేరే లారీకి మార్చాం. హమాలీ మేమే ఇచ్చుకున్నాం, బాడుగలో సగంపైన పోయింది. మనసు ఉసూరుమంది.

మరునాడు మేస్త్రి కూలర్ విప్పి, దారులు మూసి, గాలి పట్టించి నీళ్ల తొట్లో ముంచాడు. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. ఒక మూలనుంచి బుడగలు! మేస్త్రే నవ్వి, "మీ చిన్నాన్న చెప్పిందే నిజం" అన్నాడు. అతుకు వేయించకుండా కొత్తదే కొన్నాం.

అసలు పని ఆ తర్వాతే. ఛాంబర్‌లో ఆయిల్ మొత్తం, ఫిల్టర్ మార్చాలి. రేడియేటర్‌లో జిడ్డు పోయేదాకా మందు కలిపి మళ్లీ మళ్లీ కడగాలి. నెయ్యి గిన్నె ఒక్కసారి కడిగితే పోతుందా? ఆయిల్‌కి ఉబ్బిపోయిన రబ్బరు గొట్టాలూ మార్చాం. నాలుగో రోజుకి బండి రోడ్డెక్కింది. ఖర్చు బాగానే అయింది కానీ గాజులు బీరువాలోనే ఉన్నాయి.

ఎందుకు చిల్లి పడింది? దారిలో దొరికిన బోరు నీళ్లు పోయడం ఒక కారణమని చిన్నాన్న అనుమానం. మన పక్క బోరు నీళ్లు కాచిన గిన్నెకి తెల్లటి పొక్కు ఎట్లా కడుతుందో మనకి తెలుసు. కూలర్ రేకులకీ అదే కడుతుంది, తుప్పు కూడా తోడవుతుంది. ఇప్పుడు మా బండికి కూలెంట్, డిస్టిల్డ్ వాటరే. రోజూ పొద్దున బండి తీసేముందు డిప్ స్టిక్ చూసి నాకు ఫోన్‌లో ఫోటో పెట్టడం మా మరిది పని. ఆయిల్ మజ్జిగ రంగులో ఉన్నా, పోయకుండానే మట్టం పెరిగినా బండి కదలకూడదు.

ఇంకొక్క మాట. కూలెంట్ క్యాన్ ఇంట్లో పెట్టుకుంటే వంటనూనె డబ్బాల పక్కన పెట్టకండి. రంగురంగులుగా ఉంటుంది, రుచి తియ్యగా ఉంటుంది, కానీ విషం. మేము తాళం వేసే అలమరలో, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టాం.