వాన సీసాకు ఏ జిగురు?

వాతావరణ శాఖ రెయిన్‌గేజ్ గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లుంటే, 20 మిల్లీలీటర్ల నీళ్లు ఒక మిల్లీమీటరు వాన. అంటే నాలుగు టీ చెంచాలు. రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన రోజు కింద రాస్తారు. 3 మిల్లీమీటర్లు కురిసిన నాడు గరాటు కింది సీసా అడుగు నుంచి నాలుగు చెంచాలు కారిపోతే, లెక్కలో ఆ రోజు వాన పడనట్టే.

మా బావ బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, రేపల్లె దగ్గర సేద్యం చేస్తున్నాడు. చేలో రెయిన్‌గేజ్ సీసా చీలిందని ఫోన్ చేసి, "తెనాలి వెళ్తున్నా, ఏ జిగురు తెమ్మంటావురా?" అన్నాడు. ఒహాయోలో మా పెరట్లో నేనూ వాన కొలుస్తాను. నాకది చిన్న సంగతి కాదు.

"జిగురు వద్దు బావా, వేరే సీసా పెట్టండి" అన్నాను. చీలిన సీసా పాలిథీన్. ప్లంబర్లు పూసే సొల్యూషన్ పీవీసీ పైపొరను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది, పాలిథీన్‌ను కరిగించలేదు. ఫెవిక్విక్, ఎపాక్సీ గట్టిపడినట్టే కనిపించి, గోటితో గీకితే ఊడొస్తాయి. సీసా అడుగున త్రికోణంలో 2 గానీ 4 గానీ ఉంటే పాలిథీన్, 3 ఉంటే పీవీసీ. పైగా సీసా పని నీళ్లు పట్టి ఉంచడమే, కొలిచేది గీతల గ్లాసు. కాబట్టి గరాటు కింద ఇమిడే సీసా ఏదైనా చాలు. కాకపోతే పెద్దది కావాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుఫానులో 200 మిల్లీమీటర్లు పడితే 4 లీటర్లు నిండుతాయి.

గరాటు చీలితే మాత్రం అతకాల్సిందే. అది ఫైబర్‌గ్లాస్, నిజాంపట్నం రేవులోని ఫైబర్ పడవల బాపతే. గరుకు కాగితంతో రుద్ది, రెజిన్‌లో హార్డెనర్ కలిపి, ఫైబర్ మ్యాట్ ముక్క అద్దాలి. పడవలు బాగుచేసేవాళ్లకు ఆ పని చేతిలో విద్య. అతుకు బయటివైపే వేయించమన్నాను. నోటి అంచు రవ్వంత వంగినా ప్రతి వానా తప్పు లెక్కే.

ఇక్కడ నాది పాలికార్బొనేట్. లోపల నీళ్లు గడ్డకడితే పగులుతుంది. దానికి ఎపాక్సీ పట్టుకుంటుంది, అసిటోన్ తగిలితే మాత్రం ఒళ్లంతా నెర్రెలు విచ్చుతుంది.

ఏది మార్చినా, ఏది అతికినా పరీక్ష ఒకటే: కొలిచిన నీళ్లు పోసి, మూత పెట్టి, రాత్రంతా పొడి కాగితం మీద ఉంచి, పొద్దున 8:30కి మళ్లీ కొలవాలి. వాతావరణ శాఖ వాన కొలిచే వేళా అదే.