మా గాజుతొట్టెలో చిటికెడు ఎరువు

మా పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో తూర్పు కిటికీ ప్రక్కన ఒక గాజుతొట్టె కలదు. దాని పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. అడుగున ఇసుక, గులకరాళ్లు పోయగా సుమారు 45 లీటర్ల నీరు పట్టును. రాయగడ మీదుగా పారు నాగావళి నుండి ఇసుకను, చెరువు నుండి హైడ్రిల్లా అను నాచును తెచ్చి అందులో నాటితిమి. మాలో ఒక బాలిక తన తమ్మునితో కలసి ఏటిగట్టున పాత గుడ్డతో పట్టిన ఏడు పరిగె పిల్లలను సీసాలో పెట్టి తెచ్చినది. వానికి పేర్లు పెట్టినదియు ఆమెయే.

మొదటి నెల తొట్టె చూడ ముచ్చటగా నుండెను. పిదప నాచు ముదురాకులు పసుపు వన్నెకు తిరిగినవి. కొన్ని ఆకులపై సూదిమొనవంటి రంధ్రములు పడినవి. గాజుపై పాకుడు పట్టినది. పట్టణములలో ఇట్టి మొక్కల కొరకు పోషకద్రవమును చిన్న సీసాలలో అమ్ముదురు గాని దాని వెల మా చేతికి అందునది కాదు. “వరికి వేయు ఎరువు నాచుకు పనికిరాదా?” అని మాలో ఒకరనిరి. మరునాడు వేరొకరు తమ ఇంటినుండి తెల్లని పలుకులను కాగితపు పొట్లములో కట్టి తెచ్చిరి. అది యేమని ఎవరమును అడుగలేదు. మాస్టారు సెలవులో నుండిరి. రెండు చెంచాలు వేసితిమి.

మూడవనాటి ఉదయమున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి గాలి మ్రింగుచుండెను. సాయంకాలమునకు ఐదు చచ్చినవి. మిగిలిన రెంటిని వేరొక బకెట్టులోని మంచినీటికి మార్చగా బ్రతికినవి. ఆ బాలిక ఏడ్వలేదు, ఎవరిని ఏమియు అనలేదు. తొట్టెవైపు చూచుట మాత్రము మానినది. ఆమె మమ్ము తిట్టియున్నను బాగుండెడిదని మాకు తోచెను.

సెలవునుండి వచ్చిన మాస్టారు మాపై కోపింపలేదు. “ఆ పొట్లము ఏ బస్తాలోనిది?” అని మాత్రము అడిగిరి. అది యూరియా. అందు 46 శాతము నత్రజని యుండునని బస్తామీద అచ్చువేసియే యుండును. పొట్లము కట్టినప్పుడు ఆ అక్షరములు బస్తాతోనే నిలిచిపోయినవి. యూరియా నీటిలోని సూక్ష్మజీవులవలన అమ్మోనియాగా మారును. నీరు వెచ్చగాను, క్షారగుణముతోను ఉన్నచో ఆ విషము మరింత హెచ్చును. అదే నత్రజని నైట్రేటు రూపమున మితముగా నున్నచో చేపలకు హాని లేదు, మొక్కలకు ఆహారమగును.

పిమ్మట ఆయన మాకొక పాత సూత్రము చెప్పిరి. 1828లో కార్ల్ ష్ప్రెంగెల్ చెప్పగా, 1840 తరువాత జుస్టస్ లీబిగ్ అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు లోకమునకు చాటినది. మొక్క పెరుగుదలను నిర్ణయించునది అధికముగా నున్న పోషకము కాదు, అన్నిటికంటె కొరతగా నున్నది. ఉప్పు లేని చోడి అంబలిలో ఎంత పిండి పోసినను రుచి రాదు కదా! 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థచే గుర్తింపు పొందిన కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయమున గూడ, చేను చూచి చేయుటయే గాని చేతికి వచ్చినది చల్లుట లేదని ఆయన అనిరి. మేము తొట్టెను చూడకయే ఎరువు వేసితిమి.

చౌకగా చేయుట తప్పు కాదని గూడ తెలిసినది. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అను ఇరువురు సామాన్య రసాయనములతో తొట్టె మొక్కలకు ఒక మిశ్రమమును కూర్చిరి. దానికి ‘బీదవాని చుక్కలు’ అను అర్థమిచ్చు పేరు వచ్చినది. పాకుడు పెరుగకుండుటకై వారు అందు ఫాస్ఫేటు కలుపలేదు. మొక్కలు బలముగా నున్నచో ఫాస్ఫేటు కలిపినంతమాత్రమున పాకుడు రాదని తరువాత టామ్ బార్ మున్నగువారు చూపిరి.

మాస్టారితో ఎరువుల దుకాణమునకు పోయి రెండు పొట్లములు కొంటిమి. ఒకదానిపై 13-0-45 అనియు, రెండవదానిపై 0-52-34 అనియు ఉండెను. ఈ మూడు అంకెలు వరుసగా నత్రజని, ఫాస్ఫేటు, పొటాషుల పాళ్లు. మొదటిది పొటాషియం నైట్రేటు, రెండవది మోనో పొటాషియం ఫాస్ఫేటు. మొదటిది 10 గ్రాములు తూచి 500 మిల్లీలీటర్ల నీటిలోను, రెండవది 1 గ్రాము తూచి వేరొక 500 మిల్లీలీటర్లలోను కరగించితిమి. వారమునకు మూడుమారులు ఒక్కొక్క సీసానుండి 10 మిల్లీలీటర్లు పోసితిమి. ఆ లెక్కన మారుకు లీటరుకు 2.7 మిల్లీగ్రాముల నైట్రేటు, 0.3 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు చేరును. ప్రతి శనివారము సగము నీరు తీసి, ముందునాడు పట్టియుంచిన నీరు పోసితిమి. ఇట్లు చేసిన ఎన్ని వారములైనను పోషకము వారపు మోతాదునకు రెట్టింపు మించి పేరుకొనదు. ఈ లెక్కను నల్లబల్లపై మేమే కట్టి చూచుకొంటిమి.

వారమునకు పొటాషియం నైట్రేటు 0.6 గ్రాములే పట్టును. అనగా కిలో పొట్లము మా తొట్టెకు 32 సంవత్సరములు వచ్చును! కావలసినంత ఉంచుకొని మిగిలినది మాస్టారి చేత బడితోట టమాటాలకు వేయించితిమి. అది మంటను ఎగదోయు పదార్థము గనుక నిప్పునకు దూరముగా, బీరువాలో తాళము వేసి ఉంచవలెను.

మూడు వారములకు లేత చివుళ్లు పచ్చగా వచ్చినవి. పాకుడు తగ్గినది. రెండు పరిగెలను తిరిగి తొట్టెలో విడిచితిమి. ఆనాడు ఆ బాలిక తానై వచ్చి సీసాలపై చీటీలు అంటించినది. తెలుగులోను, ఒడియాలోను, ఆంగ్లములోను పేరు, మోతాదు, తేది వ్రాసినది. మేము క్షమింపుమని అడుగగా, “ఇకమీద చూచి వేయుడు” అని మాత్రమే అన్నది.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మన ఇండ్లలో ఎరువులు, పురుగుమందులు, మందుబిళ్లలు పేరులేని పొట్లములలో ఎన్నియో ఉండును. వానిని బస్తానుండి తీసినప్పుడే పేరు వ్రాసి, పిల్లలకు అందనిచోట ఉంచుడు. ఏ భాషలో వ్రాసినను సరియే, ఇంటిలోని పిల్లవాడు చదువగలిగినదై యుండవలెను. మా తొట్టెలో ఐదు చేపలు పోయినవి. మీ ఇంట అంతకంటె పెద్ద నష్టము కలుగకుండుగాక.