తాత మందు తుపాకి

మా ఇంట్లో అటక మీద ఒక మందు తుపాకి ఉంది. మా తాతది. తాత తర్వాత అయ్య పేరున, అయ్య పోయాక నా పేరున లైసెన్సు మారింది. పంట కాపలాకని రాసి ఇచ్చిన లైసెన్సు అది. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకిని గోనెలో చుట్టి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటాను. దారిలో బడిపిల్లలు చూస్తే "మాస్టారు వేటకెళ్తన్నారు" అని నవ్వుతారు.

మొన్న కార్తీకంలో పందుల మంద దిగి ఒక్క రాత్రిలో తమ్ముడి చోడిచేను సగం తొక్కేసింది. తెల్లారేసరికి వాడు తుపాకి దించి నా ముందు పెట్టాడు. "అన్నయ్యా, దీన్ని తూటా తుపాకి చేయించేద్దాం. వెనక కోసి పన్నెండు బోరు తూటా పట్టేలా చేస్తానని సంతలో ఒకాయన అన్నాడు."

మందు తుపాకికి మూతిలోంచి మందు పోసి, పీచు పెట్టి, కడ్డీతో దట్టించాలి. సీసపు గుళ్లు వేసి మళ్లీ దట్టించాలి. కేపు పెట్టాలి. ఇంతా చేస్తే పేలేది ఒక్కసారి. వాన పడితే అదీ లేదు. ఇటుకల పండక్కి వేటకెళ్లేటప్పుడు తాత గుళ్లు వేసేవాడు, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు మరి. చేను కాపలాకి మాత్రం ఉత్త మందే. ఆ మోతకే పందులు గెడ్డ దాటిపోయేవి.

పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. ఐదో తరగతికి మంచి భాగహారం లెక్క. చెప్పలేదనుకోండి. తాత గొట్టాన్ని అలా కొలిచి చేసినవాళ్లెవరూ లేరు. లోపలంతా తుప్పు తిన్న గుంటలు. నల్లమందుకని చేసిన ఇనుము అది, ఇప్పటి తూటాల్లో పొగలేని మందు ఒత్తిడి వేరు. పగిలిందంటే ముందు పోయేది గొట్టం కింద పట్టుకున్న ఎడమ చెయ్యి.

చట్టం సంగతీ చెప్పాను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి మార్చడానికి కూడా లైసెన్సున్న వాడే ఉండాలి. పంట కాపలాకి మందు తుపాకి చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, నునుపు గొట్టం తుపాకి ఇంకోటి ఇవ్వొచ్చని అదే చట్టంలో ఉంది. అర్జీ పెడదాం అన్నాను. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అనుమతి లేకుండా పందిని కొట్టినా కేసేనని కూడా అన్నాను.

వాడు అంతా విని, "నీకు నెల తిరిగితే జీతం వస్తాది. నాకు ఆ చేనే జీతం. లైసెన్సు నీ పేరున ఉంది గనక నీ ఉద్యోగానికి భయపడతన్నావు" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. భయపడ్డాను. కానీ దానికన్నా పెద్ద భయం ఇంకోటుంది. కోపంతో ఉన్న మనిషికి మందు దట్టించేలోగా చెయ్యి ఆగుతుంది. తూటాకి ఆ సందు లేదు. చీకట్లో చేలో కదిలేది పందే అవ్వాలని ఎక్కడుంది? పక్క చేను కాపలా పిల్లాడు కూడా కావచ్చు. ఆ మాట వాడితో అనలేకపోయాను, నా మీద నీకు నమ్మకం లేదా అంటాడని.

అర్జీ రాసి ఇచ్చాను, ఇంకా కదల్లేదు. పోయిన చోళ్లకి బదులు నా జీతంలోంచి బస్తా కొని పంపితే వాళ్లావిడ తీసుకుంది, వాడు పలకరించలేదు. మంచె మీద వంతులేసుకున్నాం. శనివారం రాత్రి నాది. ఆనపబుర్రలో మందు తడవలేదు, చూసుకున్నాను.