కొవ్వుకు నోరుంది

తెలుగులో కొవ్వంటే పొగరు. “ఒళ్ళు కొవ్వెక్కిందా?” అని తిట్టడమే తప్ప, అదొక సజీవ కణజాలమని తలచుకోము. తిండి దాచుకునే గాదె అనుకున్నదానికి నోరు కూడా ఉందని తేలడానికి చాలాకాలం పట్టింది. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను వెలికితీసింది. ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకు విన్నవించే హార్మోను అది. అంతకు ముందటి ఏడాదే, స్థూలకాయపు ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే మంట రేపే పదార్థం కూడా పుడుతున్నదని బయటపడింది.

(ఇన్‌ఫ్లమేషన్‌ను ‘వాపు’ అనడం నాకు రుచించదు, ఇక్కడ పైకి ఏదీ వాయదు. ‘తాపం’ అంటున్నాను. మెరుగైన మాట తట్టిన మిత్రులు సూచించగలరు.)

మా బాబాయి బక్కపలచని మనిషి. ముప్పయ్యేళ్ళుగా సాయంత్రపు సీసా ఆయనకు నిత్యకర్మ. మొన్న కాలేయం చెడిందని పరీక్షల్లో తేలినప్పుడు, “నా ఒంట్లో కొవ్వెక్కడిదిరా?” అని నవ్వారు. ఆ ప్రశ్నకు జవాబు వెదకబోయే ఇదంతా చదివాను.

మితిమీరిన మద్యం కొవ్వు కణాలను కరిగించి కొవ్వామ్లాలను నెత్తుటిలోకి తోస్తుంది. అవి పోయి కాలేయంలో పేరుకుంటాయి. పేగు గోడ సడలి, సూక్ష్మజీవుల విషాలు లోనికి జారతాయి. వాటి తాకిడికి, కొవ్వులో కావలి కాసే మాక్రోఫేజులు రెచ్చిపోతాయి. ఈ వివరాల్లో చాలామటుకు ఎలుకల మీద తెలిసినవే. అయినా, మనిషి చిక్కిపోతున్నా మిగిలిన కాస్త కొవ్వూ రగులుతూనే ఉండవచ్చునన్నది నన్ను కలవరపెట్టింది.

మితంగా తాగేవారిలో తాపాన్ని అణచే అడిపోనెక్టిన్ పెరుగుతుందని కొన్ని పరిశోధనలు చూపిన మాట నిజం. మందుబాబులకది పండుగే! కాని సురక్షితమైన మోతాదంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చిచెప్పింది.

నాకు ఆశ కలిగించింది 2015లో వెలువడిన ఒక ఫ్రెంచి పరిశోధన. మద్యంతో కాలేయం చెడిన రోగుల చర్మం కింది కొవ్వును, తాగుడు మానిన వారానికి మళ్ళీ పరీక్షిస్తే, తాపపు సంకేతాలు కొన్ని తగ్గాయట. ఒక్క వారానికే!

ఇది ఫోనులో బాబాయికి చదివి వినిపించాను. ఏళ్ళ తరబడి తాగినవారు ఇంట్లో హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చునని, ప్రాణాపాయమని, వైద్యుని పర్యవేక్షణలోనే మానాలనీ గట్టిగా చెప్పాను. కాసేపు పలకలేదు. తరువాత, ఆసుపత్రిలో ఎన్నాళ్ళుండాలో కనుక్కోమన్నారు.