అలిపిరి మెట్లు

తిరుపతినుండి తిరుమలకు కాలినడక దారులు రెండు. శ్రీనివాసమంగాపురము వైపునుండి పోవు శ్రీవారిమెట్టు దారి పొట్టిది; మెట్లు 2,388. అలిపిరి దారి పెద్దది, మెట్లు 3,550. మేము 2025 ఫిబ్రవరిలో అలిపిరి దారినే యెక్కితిమి.

మాతో వచ్చిన పిన్నిగారికి 66 ఏండ్లు. సంక్రాంతికి ముందు చేయించిన డెక్సా పరీక్షలో తుంటియెముక అంకె మైనస్ 2.8 అని వచ్చినది. మైనస్ 2.5గాని, అంతకంటె దిగువగాని యున్నచో ఎముకలు గుల్లబారినట్లని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1994లో కొలత యేర్పరచినది. డాక్టరుగారు వారమున కొకటి చొప్పున అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర వ్రాసియిచ్చిరి. దానివలన దవడయెముక చెడుననియు, తొడయెముక విఱుగుననియు ఎవరో చెప్పగా పిన్నిగారు మాత్రలను పెట్టెలో దాచి, "మెట్లెక్కినచో ఎముకలు వాటంతటవే గట్టిపడును, మందెందుకు?" అని బయలుదేరిరి.

పాదాలమండపము దాటిన పిమ్మట, పసుపు కుంకుమల గిన్నెలు చేతబట్టి, మెట్టుమెట్టునకు వంగి బొట్టుపెట్టుచు నెక్కు స్త్రీలు కనబడిరి. పిన్నిగారికిని ఆ మ్రొక్కు కలదు. నర్సుగా పనిచేసిన మా వదినగారు అడ్డుపడిరి. గుల్లబారిన వెన్నుపూస, నడుము ముందునకు వంచినపుడు నలిగిపోవచ్చును. అట్లు వేలసారులు వంగుట తగదు. పిన్నిగారు నడుము నిటారుగా నుంచి, మోకాళ్లు మడిచి కూర్చుండి, ఒక్క మెట్టునకు బొట్టుపెట్టి తక్కినవాటికి చేతులు జోడించిరి.

గాలిగోపురము వఱకు ఎక్కుడు కష్టమే. అచ్చట కూర్చుండి ఆయాసము తీర్చుకొనుచు మందు సంగతి తూచితిమి.

"చిన్నత్తయ్యగారూ! మెట్లెక్కుటచే తొడకండలకు బలము వచ్చును. కాని నడక యొక్కటే ఎముకను పెద్దగా పెంచదు. బరువులెత్తవలెను," అని వదినగారు చెప్పిరి. ఆస్ట్రేలియాలో ముట్లుడిగిన 101 మంది స్త్రీలతో జరిగి 2018లో వెలువడిన పరిశోధన యిందుకు సాక్ష్యము. వారిలో ఒక జట్టు శిక్షకుల యెదుట వారమునకు రెండుసారులు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు పెద్దబరువు లెత్తినది. ఆ జట్టువారి నడుము ఎముకల సాంద్రత నూటికి ఇంచుమించు మూడుపాళ్లు హెచ్చినది.

మందు మాటయో? 1996లో వెలువడిన పరిశోధనలో, అంతకుముందే వెన్నుపూస విఱిగిన 2,027 మంది స్త్రీలలో అలెండ్రోనేట్ పుచ్చుకొన్నవారికి తుంటి విఱుగుట దాదాపు సగమునకు తగ్గినది. తఱచుగా కలుగు బాధ గుండెమంట. అందుచేతనే మాత్రను పరగడుపున నిండు గ్లాసెడు మంచినీళ్లతో మ్రింగి, అరగంట వఱకు పండుకొనక, ఏమియు తినక యుండవలెను. దవడ చెడుట మిక్కిలి అరుదు. అది పన్ను పీకించిన పిమ్మట వచ్చుటయే యెక్కువ గనుక ముందే పండ్లు చూపించుకొనవలెను. తొడయెముక విఱుగుటయు అరుదే. మందు వాడిన యేండ్లు పెరిగినకొలది ఆ భయము హెచ్చును. కావుననే అయిదేండ్లకు డాక్టరు మరల ఆలోచింతురు. తొడలోగాని గజ్జలోగాని నొప్పి తోచినచో వెంటనే చెప్పవలెను. మూత్రపిండముల జబ్బు ముదిరినవారికి ఈ మందు పనికిరాదు.

పిన్నిగారు చాలసేపు మాటాడలేదు. మోకాలిమిట్ట యొద్ద, కడ్డీ పట్టుకొని నిలిచి, "మా అమ్మ గడపలో జారి తుంటి విఱిగి, మంచము దిగకయే పోయినది. నేను మందునకు వెఱచితిని గాని ఆ మంచమును తలంచనైతిని," అనిరి.

దిగునపుడు కాలు జారు భయ మెక్కువ గనుక, తిరుగుప్రయాణమునకు బస్సెక్కితిమి. ఆ వారమే పిన్నిగారు పండ్ల డాక్టరుకు చూపించుకొని మాత్ర మొదలిడిరి; వారమునకు రెండుదినములు వ్యాయామశిక్షకురాలి యొద్దకును పోవుచున్నారు.

సోదరీమణులారా! ఇంటిలో పెద్దవారు మాత్ర దాచినచో కసరవలదు. వారు దేనికి వెఱచుచున్నారో మొదట అడుగుడు.