ఒకే వార్త, రెండు లెక్కలు

పొద్దున తొమ్మిదింపావు అయ్యిందంటే నా కళ్లు ఫోన్ మీదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఓ పక్క, కొద్దిపాటి ట్రేడింగ్ ఓ పక్క. మాది గురజాల. ఇంట్లో నాన్నది పత్తి సేద్యం.

2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది. మన సరుకు మీద అమెరికా 50 శాతం సుంకం వేస్తానంటోందాయె, మిల్లులకైనా దూది చౌకగా దొరకాలని. టెక్స్‌టైల్ షేర్లు ఎగిశాయి.

"మార్కెట్‌కి మంచి వార్త నాన్నా" అన్నాను.

"ఏ మార్కెట్‌కిరా?" అన్నాడు నాన్న. అప్పటికి చేలో పత్తి పూత మీదుంది.

నిజమే కదా. బయటి పత్తి చౌకగా వస్తే ఇక్కడి వ్యాపారి రేటు పెంచడు. 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు ఉండేది. కానీ తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చింది. వానకు తడిసిన పత్తికి ఆ ధర ఎక్కణ్నుంచి వస్తుంది?

షేరు పడుతుంటే నాకు స్టాప్‌లాస్ ఉంది, క్షణంలో బయటపడతా. విత్తనం వేశాక నాన్న ఆర్నెల్లు ఆగాల్సిందే. అందుకే ఇప్పుడు వార్త వచ్చినప్పుడల్లా షేరుతో పాటు క్వింటా రేటు కూడా చూస్తున్నా.