మెరుపు చాడీలు చెబుతుంది!

ముదురు రంగు చొక్కా మీద చిన్న మరక పడితే ఎవరికీ కనిపించదు. గోడకు చిన్న గుంత ఉంటే సున్నం కప్పేస్తుంది. కానీ, అద్దంలా మెరిసే రంగు ఉంది చూశారూ... అది దేన్నీ దాచదు. పైపెచ్చు, అడుగున ఎక్కడ గీత ఉందో, ఎక్కడ గుంత ఉందో పనిగట్టుకుని అందరికీ చెబుతుంది. ఇంట్లో కూర్చుని సినిమా వీరుల కవచాలు తయారుచేసుకునే కుర్రాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

కవచం అనగానే ఇనుమూ ఇత్తడీ అనుకోకండి. వ్యాయామశాలల్లో నేలమీద పరిచే ఈవీఏ ఫోమ్ మ్యాట్లే దీనికి ముడిసరుకు. వాటిని కత్తిరించి, హీట్‌గన్‌తో వేడిచేసి వంచి, రబ్బరు జిగురుతో అతికిస్తే ఛాతీ కవచం తయారు. శిరస్త్రాణాన్ని త్రీడీ ప్రింటర్ మీద తీయిస్తారు. ఇలా అభిమాన పాత్రలా ముస్తాబవడాన్ని కాస్‌ప్లే అంటారు. ఆ మాట 1980ల్లో జపాన్‌లో పుట్టింది. సరదా మాత్రం అంతకన్నా పాతదే. 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్‌ఫిక్షన్ సదస్సుకు ఫారెస్ట్ ఆకర్‌మన్, మిర్టిల్ డగ్లస్ భవిష్యత్ లోకపు దుస్తులు వేసుకుని వెళ్లారు. వాటిని తయారుచేసింది మిర్టిలే. 2013లో కామిక్‌కాన్ హైదరాబాద్‌కు వచ్చాక మన కుర్రకారుకూ ఈ సరదా అంటుకుంది.

బత్తాయి తొక్క!

విజయవాడలో ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే ఓ కుర్రాడు అలాగే ఐరన్‌మ్యాన్ అవుదామనుకున్నాడు. 2008లో వచ్చిన సినిమాలోలా ఎరుపూ బంగారు రంగుల కవచం షోరూమ్‌లోని కొత్త కారులా తళతళలాడాలి. నెలరోజులు కష్టపడి అన్నీ అతికించాడు. స్ప్రే డబ్బాలు తెచ్చి డాబా మీద రంగు కొట్టాడు. తీరా చూస్తే ఏముందీ... ఫోమ్ రంగునంతా పీల్చేసుకుని ఛాతీ కవచం వెలవెలబోయింది. శిరస్త్రాణం మెరిసింది కానీ, ప్రింటర్ గీతలన్నీ బయటపడ్డాయి. ఇంకా మెరవాలని మరో పూత దట్టంగా కొట్టాడు. అది కాస్తా కారి చారలు కట్టింది.

ఆ ఇంట్లో రంగుల సంగతి తెలిసిన మనిషి లేక కాదు. తండ్రి ముప్ఫై ఏళ్లుగా ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేస్తున్నారు. కొడుకే అడగలేదు. కాలేజీలో ఎవరైనా 'మీ నాన్నేం చేస్తారు?' అంటే 'ఆటోమొబైల్ లైన్' అని మాట మార్చడం అతనికి అలవాటు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ రంగు ఉండే ఆ తండ్రికీ ఆ విషయం తెలుసు. 'చదువుకోరా అంటే ఈ వేషాలేంటి?' అని రెండుసార్లు విసుక్కుని వదిలేశారు.

ఆ రాత్రి మాత్రం ఆయన ఆగలేకపోయారు. శిరస్త్రాణాన్ని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పారు. 'ఇందులో లైటు తిన్నగా కనపడాల్రా. నీకు పాములా వంకర్లు పోతోంది. ఇదంతా బత్తాయి తొక్కే' అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేశారు. 'మెరుపు డబ్బాలో ఉండదురా, అడుగున ఉంటుంది.'

అడుగు పనే అసలు పని

మర్నాటి నుంచి ఇద్దరూ కూర్చున్నారు. శిరస్త్రాణం మీది పాత రంగంతా తీసేసి 120 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టారు. తర్వాత 220, 400. పల్లాలకు లప్పం పెట్టి, ఆరాక రుద్ది, ప్రైమర్ కొట్టారు. దానిమీద నల్లరంగును మంచులా పలచగా చిలకరించి మళ్లీ రుద్దారు. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, గుంతల్లో మిగులుతుంది. ఆ నల్లమచ్చలకు మళ్లీ లప్పం, మళ్లీ ప్రైమర్. చివరికి నీళ్లతో తడుపుతూ 600, 800 నంబర్లతో రుద్దాకే రంగు. అదీ సుమారు అడుగు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, పలచగా మూడు నాలుగు పూతలు. దగ్గర నుంచి కొడితే కారుతుంది. మరీ దూరమైతే గాల్లోనే సగం ఆరి ఇసుకలా పడుతుంది. ముసురు పట్టిన రోజున ఆయన డబ్బా ముట్టుకోనివ్వలేదు. గాలిలో తేమ ఎక్కువైతే లాకర్ పూత పాలిపోయి తెల్లబారుతుంది మరి.

ఆయనకు తెలియనిదీ ఒకటుంది. కార్లకు పెట్టే లప్పాన్నే ఫోమ్ మీదా పూశారు. కవచం కాస్త వంగగానే అది పెళపెళా పగిలిపోయింది. అక్కడ కొడుకు చదివింది అక్కరకొచ్చింది. హీట్‌గన్‌తో వేడిచేస్తే ఫోమ్ పైపొరలోని సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి. అతుకులకు సాగే గుణమున్న ఆక్రిలిక్ ఫిల్లర్ పెట్టాలి. ఆపైన రబ్బరులా సాగే పూతలు పలచగా నాలుగైదు వేసి, అవి పూర్తిగా ఆరాక రంగు వేయాలి. 'ఇదేదో బాగుందే!' అన్నారు తండ్రి.

నిజానికి ఈ పద్ధతి ఆ ప్రాంతానికి కొత్తేమీ కాదు. విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి చెక్క బొమ్మల అతుకులకు చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు పెడతారు. నునుపు చేసి సున్నం పూస్తారు. రంగులు అద్దేది ఆ తర్వాతే. లప్పం, ప్రైమర్ అన్న పేర్లు లేవు కానీ, పని అదే!

అది మాత్రం వద్దన్నారు

ఇక మిగిలింది పైన వేసే క్లియర్ కోటు. కార్లకు వాడే హార్డెనర్ కలిపిన రకమైతే మెరుపు అదిరిపోతుంది. కొడుకు అదే కావాలన్నాడు. తండ్రి ససేమిరా అన్నారు. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపరను పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత కొంచెం తగిలినా ఆయాసమే. గుడ్డ మాస్కులు వాటిని ఆపలేవు. 'నేను రుమాలు కట్టుకునే ఇన్నేళ్లూ కొట్టాను. నువ్వు కొట్టొద్దు' అన్నారాయన. తండ్రి రాత్రిళ్లు దగ్గడం కొడుక్కి చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని గురించి ఆలోచించింది మాత్రం అప్పుడే.

డబ్బాల్లో దొరికే మామూలు క్లియర్‌తోనే సరిపెట్టారు. అదీ డాబా మీద, ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకునే. వారం ఆరనిచ్చి, 1500, 2000 నంబర్లతో తడిపి రుద్ది, పాలిష్ పట్టారు. ట్యూబ్‌లైటు గీత తిన్నగా నిలబడింది.

హైదరాబాద్‌లో ఆ కవచం చూసినవాళ్లు ఎక్కడ పెయింట్ చేయించావని అడిగారు. 'మా నాన్న నేర్పారు. ఆటోనగర్‌లో కార్ పెయింటర్' అన్నాడతను.

మాస్కు కొన్నప్పుడు అతను రెండు కొన్నాడు. రెండోది ఆటోనగర్ షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉంటుంది. అది మేకుకే ఉంటోందా, నాన్న ముఖానికి ఎక్కుతోందా అని చూడటానికి కొడుకు ఇప్పుడు కాలేజీ నుంచి నేరుగా షెడ్డుకే వెళ్తున్నాడు.